జీర్ణరథము – అయోమలము

యాస్కాచార్యుల నిరుక్తంలో, వార్ష్యాయణి అనే పూర్వాచార్యుని మతంగా, పుట్టిన ప్రతి వస్తువుకూ ఆరు భావవికారాలు చెప్పబడ్డాయి. పుట్టడం, ఉండడం, పరిణామం పొందడం, పెరగడం, క్షీణించడం, నశించడం అనేవి ఆ ఆరు. దేహం అనిత్యమనే ప్రసంగం వచ్చినప్పుడు ఈ ఆరింటినీ స్మరించడం వేదాంతవ్యాఖ్యాతల సంప్రదాయం. అయితే అయిదవదైన అపక్షయానికీ, ఆరవదైన వినాశానికీ నడుమ కొంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిలోనే వైద్యుడు నిలుస్తాడు. జీర్ణాలయాన్ని ఉద్ధరించే స్థపతి నిలుస్తాడు. చేత సుత్తి, వైర్ బ్రష్ పట్టుకొని పాత కారు క్రింద వెల్లకిలా పడుకున్న గృహస్థుడూ నిలుస్తాడు. నశించక తప్పని వస్తువును నిలబెట్టబూనడం మోహమా, ధర్మమా అనే ప్రశ్న ఈ ముగ్గురికీ సమానమే. వైద్యునికీ స్థపతికీ శాస్త్రాలు సమాధానం చెప్పాయి. మూడవవాని విషయం ఇచ్చట విచార్యం.

బహదూర్‌పురాలో ఇనుము

హైదరాబాదు పాతబస్తీలోని బహదూర్‌పురా ఈ విచారణకు తగిన స్థలం. 1963లో ప్రజలకు తెరవబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాల, దాని ప్రక్కన 21 అర్ధవృత్తాకారపు కమానుల ఆనకట్టతో రెండు శతాబ్దాలుగా నిలిచి ఉన్న మీర్ ఆలం చెరువు ఈ ప్రాంతానికి ఆనవాళ్ళు. వీటికి సమీపంలోనే 2010లో ప్రారంభమైన సుధా కార్ల మ్యూజియం ఉంది. దాని నిర్మాత కె. సుధాకర్. పనికిరానిదని పారవేసిన ఇనుప సామానును సేకరించి, చేతిపనితో నడిచే వాహనాలుగా మలచడం ఆయన జీవితకాల వ్రతం. 2005లో 41 అడుగులకు మించిన ఎత్తుగల మూడు చక్రాల సైకిలును నిర్మించి, నడిపి, గిన్నిస్ రికార్డు పొందిన శిల్పి ఆయన. ఆ మ్యూజియంలో వంకాయ ఆకారంలో ఒక కారు, బూటు ఆకారంలో ఒకటి, క్రికెట్ బ్యాటు, కెమెరా, బర్గర్ ఆకారాలలో మరికొన్ని కనబడతాయి. 1922 నాటి అమెరికా ఫోర్డు టూరర్‌ను సుమారు 26 అడుగుల ఎత్తుకు పెంచి నిర్మించిన మహాకాయం కూడా ఆయన కృతియే.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువుకు మట్టి, బంగారం, ఇనుము అనే మూడు దృష్టాంతాలతో ఉపదేశం ఆరంభిస్తాడు. ఇనుము విషయంలో ఆయన ఎన్నుకొన్నది ఖడ్గమూ కాదు, రథచక్రపు పట్టా కాదు. గోళ్ళు తీసుకొనే చిన్న పనిముట్టు. ఆ చిన్న వస్తువు యొక్క తత్త్వం తెలిసినవానికి ఇనుముతో చేసిన సమస్తమూ తెలిసినట్లే అని అందలి ఆశయం. వికారాలు పేర్లలోనూ రూపాలలోనూ భిన్నమైనా, వాటి సత్యం ఒక్క ఇనుమే. సుధా మ్యూజియంలో వంకాయను చూసి నవ్వే బాలుడు ఎదుట ఉన్నది నామరూపాలకు లోబడిన ఇనుము. అక్కడ ఇనుము రూపాన్ని ధరిస్తుంది. అదే బహదూర్‌పురాలో, జూ రోడ్డు నుండి లోపలికి పోయే ఒక సందులో, ఒక ఇంటి రేకుల పందిరి క్రింద, ఇనుము తాను ధరించిన రూపాన్ని మెల్లగా విడుస్తూ ఉండేది. ఈ వ్యాసానికి ఆధారం ఆ రెండవ స్థలం.

తండ్రి విడిచిన వాహనం

ఆ ఇంటి యజమాని విశ్రాంత గణితోపాధ్యాయుడు. పందిరి క్రింద ఉన్నది 1951 నాటి ప్లిమత్ కారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ అమెరికాలోని క్రైస్లర్ సంస్థ అనుమతితో బొంబాయి కుర్లా కర్మాగారంలో డాడ్జ్, డిసోటో, ప్లిమత్ కార్లను కూర్చేది. అటువంటి కార్లు దేశంలో అనేక పట్టణాలకు చేరాయి. క్రైస్లర్ ఆ పేరును 2001లో శాశ్వతంగా విరమించింది. కనుక ఈ కారుకు తలుపు క్రింది రేకు కావాలన్నా, నేలరేకు కావాలన్నా దుకాణంలో అడిగి తెచ్చుకొనే వీలు లేదు.

తండ్రి దానిని 1960లలో పాతబండిగానే కొన్నాడు. ఆయన పోయిన తరువాత కారు కదలలేదు. అయినా ప్రతి విజయదశమికీ దానికి ఆయుధపూజ మాత్రం తప్పలేదు. బానెట్‌పై పసుపుకుంకుమలు, గ్రిల్‌కు బంతిపూల దండ, చక్రాల క్రింద నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ. దండ ఎండి రాలేవరకూ అక్కడే ఉండేది. రాలిన పూలరెక్కలు, వేపాకులు అద్దం క్రింది జాలీలో నుండి లోపలికి జారి, నీరు బయటికి పోవలసిన సన్నని రంధ్రాలను పూడ్చాయి. పందిరి రేకు కారిన ప్రతి వానాకాలంలోనూ నీరు లోపలికి వచ్చింది, బయటికి పోలేదు. పూజ జరిగిన చోటనే క్షయమూ జరిగింది. వస్తువును గౌరవించడం వేరు, దానికి సేవ చేయడం వేరు అనే భేదం అనేక గృహాలలో, అనేక ఆలయాలలో కూడా విస్మృతమవుతుంది. ధూపదీపాలు నిత్యం సాగుతున్న గర్భాలయంలో పైకప్పు కారుతూ ఉండడం అపురూపం కాదు.

తుప్పు స్వభావం

తెలంగాణలో జంగు అనీ, చిలుము అనీ, ఇతరత్ర తుప్పు అనీ పిలవబడే ఈ పదార్థాన్ని సంస్కృతంలో అయోమలం అంటారు. మలం అనే మాట వినగానే అది వెలుపలి నుండి వచ్చి అంటుకొన్న మురికి అని భ్రమ కలుగుతుంది. నిజానికి అది మురికి కాదు, ఇనుమే. భూగర్భంలో ఇనుము ప్రాణవాయువుతో కూడిన ఖనిజంగానే లభిస్తుంది. కమ్మరి బొగ్గుల నిప్పులో దానిని కాల్చి ఆ ప్రాణవాయువును తొలగించి లోహాన్ని వెలికి తీస్తాడు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో ఉక్కు తీసిన పూర్వులు చేసినదీ, నేటి మహాకర్మాగారాలు చేస్తున్నదీ మూలంలో ఇదే. నీరు, గాలి దొరికిన క్షణం నుండి ఆ లోహం తిరిగి తన పూర్వస్థితికి ప్రయాణం ఆరంభిస్తుంది. తుప్పు అనగా స్వగృహానికి మరలుతున్న ఇనుము. కనుక దానిపై కోపగించడంలో అర్థం లేదు.

ఈ ప్రయాణం జరిగే తీరులో జిజ్ఞాసువు గమనించవలసిన ఒక విశేషం ఉంది. ఇనుపరేకుపై ఒక నీటిబిందువు నిలిచినప్పుడు, దాని అంచులకు గాలి బాగా తగులుతుంది, మధ్యభాగానికి తక్కువగా తగులుతుంది. సామాన్యబుద్ధికి గాలి తగిలే అంచే ముందు చెడాలని తోస్తుంది. కాని జరిగేది అందుకు విపరీతం. గాలి తక్కువగా అందే మధ్యభాగంలోని ఇనుమే ఎలక్ట్రానులను వదలి కరిగిపోతుంది. అంచులలో ఆ ఎలక్ట్రానులను ప్రాణవాయువు స్వీకరిస్తుంది. ఒకే బిందువు క్రింద రేకు రెండు ధ్రువాలుగా చీలి, కప్పబడిన భాగం తెరచి ఉన్న భాగానికి ఆహుతి అవుతుంది. అందుచేతనే కార్లలో లోతైన రంధ్రాలు ఎండకూ గాలికీ తెరచి ఉండే పైకప్పుమీద పడవు. కాళ్ళ క్రింది పట్టా చాటున, రెండు రేకులు ఒకదానిపై ఒకటి అతికిన మడతలో, తలుపుల క్రింద గడపలా సాగే బోలు దూలం లోపల పడతాయి. హైదరాబాదులో సముద్రపు ఉప్పుగాలి లేదు. ఏడాదికి కురిసే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకే పడుతుంది. ఇక్కడ కారును తినేది వాన కాదు, వాన వెలిసిన తరువాత కప్పు చాటున నిలిచిన తడి.

పైగా తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె కొన్ని రెట్లు అధికమైన స్థలాన్ని ఆక్రమిస్తుంది. రంగు పొంగి బొబ్బలెక్కడానికి హేతువు ఇదే. అల్యూమినియం మీద ఏర్పడే పొర బిగుతుగా అంటుకొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. తుప్పు పొర బోలుగా ఉండి, తడిని పీల్చి నిలుపుతుంది. కనుక దానిపై ఎంత మంచి రంగు వేసినా, కొండచిలువను దుప్పటితో కప్పినట్లే.

ఆవరణం

ఆ ఇంట కొంతకాలంగా ధనావశ్యకత ఏర్పడింది. డాబా పైకప్పు పగిలి రెండు గదులలోకి నీరు దిగుతోంది. అదే సమయంలో పొరుగు రాష్ట్రం నుండి ఒక పాతకార్ల సేకర్త వచ్చి చూసి, దసరాలోపు కారు ముస్తాబై మెరుస్తూ కనబడితే మంచి ధర ఇస్తానన్నాడు. బావమరది సలహా సూటిగా ఉంది. "బావా, లప్పం పెట్టించి రంగు కొట్టించు. పది రోజుల పని. ఇల్లు బాగవుతుంది." కుమారుడు ఆ మాటను ఖండించలేదు.

ఉపాధ్యాయుడు ఆ వాడలోని ఒక వృద్ధ డెంటర్‌ను పిలిపించాడు. నలభై ఏళ్ళకు పైగా సుత్తి, డాలీ పట్టిన చేయి ఆయనది. ఆ వాడంతా ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తుంది. ఆయన జేబులోంచి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తీసి కారు చుట్టూ నడిచాడు. పైకప్పుమీద, బానెట్‌మీద అది టక్కున అతుక్కొంది. వెనుక మడ్‌గార్డు అంచున పెట్టగా జారి నేలపై పడింది. తలుపు క్రింద మూడు చోట్ల పడింది. పైకి చూస్తే ఆ చోట్లన్నీ నునుపుగా, తక్కిన శరీరంతో సమానమైన రంగులో ఉన్నాయి. ఎన్నడో, ఎవరో, తుప్పు రంధ్రాలలో గుడ్డపీలికలు కుక్కి, పైన లప్పం పూసి, రంగు వేశారు. ఉస్తాద్ ఒక స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా నొక్కగానే అది లోపలికి దిగిపోయింది.

"మాస్టర్ సాబ్, పైన రంగు ఉంది, కింద రేకు లేదు. నన్ను లప్పం పెట్టమంటే పెడతా. మెరుస్తది. వచ్చే వానలకు మళ్ళీ పొంగుతది. అప్పుడు కొన్నాయన ఎవరిని అడుగుతడు?" అన్నాడు ఉస్తాద్.

అద్వైతులు అవిద్యకు రెండు శక్తులు చెబుతారు. సత్యాన్ని కప్పేది ఆవరణశక్తి. లేనిదానిని ఉన్నట్లు చూపేది విక్షేపశక్తి. తుప్పుమీద పూసిన లప్పంలో ఈ రెండూ కలిసి ఉన్నాయి. రంధ్రం కనబడకుండా పోతుంది, లేని రేకు ఉన్నట్లు కనబడుతుంది. ఇనుము వరకు ఈ ఉపమానం అక్షరాలా సత్యం కూడా. ఏలయన, కప్పబడిన చోటనే రేకు లోతుగా చెడుతుందని పైన చెప్పిన బిందున్యాయం స్థాపిస్తోంది. కప్పడం వల్ల దోషం ఆగదు, దోషానికి అనుకూలమైన స్థలం లభిస్తుంది.

ఇందులో లప్పం అనే వస్తువుకు నింద లేదు. శుభ్రమైన లోహంపై రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా పూసి, సుత్తి దెబ్బల అలలను సమం చేయడానికి అది తగిన సాధనం. ఆనాటి అమెరికా కర్మాగారాలు కూడా రేకుల అతుకులపై సీసం, తగరం కలిసిన మిశ్రమాన్ని కరిగించి నింపి నునుపు చేసేవి. నిండుగా ఉన్నదానిని నునుపు చేయడం అలంకారం. లేనిదానిని ఉన్నట్లు చూపడం అనృతం. వస్తువు ఒకటే అయినా సంకల్పభేదం చేత ధర్మాధర్మభేదం కలుగుతుంది.

ఉపాధ్యాయుడు ఆ రాత్రి కొనదలచిన వ్యక్తికి ఫోను చేసి, అయస్కాంతం ఎక్కడెక్కడ పడిపోయిందో వరుసగా చెప్పాడు. కోసి అతికించడానికి దసరా వరకు గడువు చాలదని కూడా చెప్పాడు. అవతలి వ్యక్తి మర్యాదగా విని, ఆలోచించి చెబుతానని ఫోను పెట్టేశాడు.

చతుర్వ్యూహం

యోగభాష్యంలో వ్యాసులు యోగశాస్త్రాన్ని వైద్యశాస్త్రంతో పోల్చారు. రోగం, రోగహేతువు, ఆరోగ్యం, ఔషధం అని వైద్యానికి నాలుగు అంగాలు ఉన్నట్లే హేయం, హేయహేతువు, హానం, హానోపాయం అని యోగానికి నాలుగు అంగాలు. ఇంటి పందిరి క్రింద సాగిన పని ఈ నాలుగింటికీ అద్దం పట్టింది.

మొదటిది హేయాన్ని పూర్తిగా చూడడం. సీట్లు, పట్టాలు, తలుపుల లోపలి అట్టలు అన్నీ విప్పబడ్డాయి. బ్యాటరీ విడదీయబడింది. పెట్రోలు ట్యాంకు కారు నుండి దింపి దూరంగా ఉంచబడింది. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కంటె ప్రమాదకరమని ఉస్తాద్ హెచ్చరిక. పాత రంగులోనూ, అతుకుల పూతలోనూ సీసం ఉంటుంది కనుక పొడిగా గీకి ఆ ధూళిని పీల్చరాదు. ముఖానికి తగిన మాస్కు, నేలపై తడిగుడ్డలు అవసరమయ్యాయి. వైర్ బ్రష్ తిరిగిన కొద్దీ రంధ్రాలు పెద్దవయ్యాయి. అరచేయి పట్టే రంధ్రమనుకొన్నది మోచేయి పట్టేంత అయింది. ఈ దశలో సాధకునికి వైరాగ్యం కాదు, నిర్వేదం కలుగుతుంది. దాగినది బయటపడినప్పుడు దోషం పెరిగినట్లు తోస్తుంది. పెరిగింది దోషం కాదు, దర్శనం.

రెండవది హేతువును కనుగొనడం. పూడిన నీటిరంధ్రాలు, ఎండి చీలిన అద్దపు రబ్బరు, పందిరి రేకులోని చిల్లు. వీటిని సరిచేయకుండా రేకు మార్చడం వ్యర్థమని నిశ్చయించి, ముందు పందిరే బాగుచేయబడింది.

మూడవది హానం, అనగా కోత. ఆ కాలపు ప్లిమత్‌కు చాసిస్ వేరు, దానిపై బోల్టులతో నిలిపిన శరీరం వేరు. అయినా తలుపుల క్రింది దూలాన్ని ఒక్కసారిగా కోస్తే శరీరం కుంగి, తలుపులు మూసుకోవు. కనుక కోతకు ముందే తలుపు చట్రానికి అడ్డంగా ఇనుప కడ్డీలు తాత్కాలికంగా అతికించి, కారును సమతలంగా నిలిపి, తలుపుల సందులను కొలిచి గోడపై సున్నంతో వ్రాసుకొన్నారు. ఒక ప్రక్క పూర్తయ్యే వరకు రెండవ ప్రక్క ముట్టరాదు. కుళ్ళిన అంచు నుండి వెలుపలికి, లోహం తెల్లగా మెరిసే వరకు కోయాలి. సగం చెడిన అంచుకు క్రొత్త రేకు అతికిస్తే నిప్పు తగలగానే ఆ అంచు కరిగి జారిపోతుంది. కరుణతో కొంత తుప్పును మిగిల్చినవాడు మరునాడు మళ్ళీ కోయవలసి వస్తుంది.

నాలుగవది ఉపాయం. కోసిన చోటికి ముందు అట్టముక్కతో అచ్చు కత్తిరించి, దానిని 20 గేజి సీఆర్ రేకుపై పెట్టి గీసి, కోసి, ఇనుప కోణంపై చెక్కసుత్తితో వంచుతారు. ఆ రేకు మందం మిల్లీమీటరుకు కొంచెం తక్కువ. సులువుగా దొరుకుతుందని జీఐ రేకు వాడరాదు. దానిపై ఉన్న జింకు వెల్డింగు వేడికి ఆవిరై ఊపిరికి హాని చేస్తుంది. పురానాపూల్ సమీపాన గురువారం జరిగే జుమ్మెరాత్ బజారులో పాత బిగింపులు, కొన్ని క్లిప్పులు దొరికాయి. వెల్డింగు ఉస్తాద్ చేశాడు. ఒక చుక్క ఇక్కడ, మరొకటి జానెడు దూరంలో, చల్లారనిచ్చి మళ్ళీ నడుమ ఒకటి. తొందరపడి ఒకే గీతగా అతికిస్తే పలుచని రేకు వేడికి మెలిక తిరుగుతుంది. రోజుకు జానెడు అతుకు పూర్తయితే మంచి రోజు.

కోయనవసరం లేని చిన్న గుంటలలో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం పూయబడింది. అది తుప్పుతో కలిసి నల్లని ఇనుప ఫాస్ఫేటు పొరగా మారుతుంది. ఢిల్లీ మెహ్రౌలీలో సుమారు 1600 సంవత్సరాలుగా ఎండకూ వానకూ నిలిచిన, ఆరు టన్నులకు మించిన బరువుగల లోహస్తంభాన్ని కాపాడుతున్నదీ ఇటువంటి పొరే. ఆ స్తంభపు ఇనుములో ఫాస్ఫరస్ అధికంగా ఉండడం వల్ల, తొలినాళ్ళ తుప్పు నుండే రక్షకమైన ఫాస్ఫేటు పొర ఏర్పడిందని కాన్పూరు ఐఐటీ ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం విశదీకరించారు. ఆ స్తంభంలో తుప్పు కప్పబడలేదు, తానే కవచంగా పరిణమించింది. దోషాన్ని దాచడానికీ, దోషాన్ని రూపాంతరం చెందించడానికీ గల అంతరం ఇందులో స్పష్టం. పిమ్మట శుభ్రం చేసి, ఆరబెట్టి, ప్రైమరు, దానిపై పలుచని లప్పం, చివరకు రంగు. దూలాల లోపలి బోలుభాగంలో పలుచని మైనపు తైలం చల్లబడింది. రంగు అందరూ చూస్తారు. కారును కాపాడేది ఎవ్వరూ చూడని ఆ తైలమే.

ఏది కారు?

భారత ప్రభుత్వం 2021లో వింటేజి వాహనాల నమోదుకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. 50 సంవత్సరాలు దాటి, మూలరూపంలోనే నిలిచి, చాసిస్, శరీరం, ఇంజను విషయంలో గణనీయమైన మార్పు పొందని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకు అది వర్తిస్తుంది. తొలి నమోదుకు రూ. 20,000, నమోదు చెల్లుబాటు పదేళ్ళు. అటువంటి వాహనాన్ని నిత్యప్రయాణానికీ వ్యాపారానికీ వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తీసుకుపోవచ్చు. మూలరూపం అనే మాట వద్ద తత్త్వజిజ్ఞాసువు ఆగుతాడు. నేలరేకు మారింది, దూలాలు మారాయి, మడ్‌గార్డు అంచులు మారాయి. మారనిదేది?

ఆగమాలలో జీర్ణోద్ధారణ అనే విధి ఉంది. శిథిలమైన ఆలయాన్ని సరిచేసేటప్పుడు మూర్తిలోని దేవతాశక్తిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయం అనే చిన్న తాత్కాలిక మందిరంలో నిలిపి, పని ముగిసిన తరువాత తిరిగి ప్రతిష్ఠిస్తారు. పూరీలో జగన్నాథస్వామికి జరిగే నవకళేబరోత్సవంలో దారుమూర్తులే పూర్తిగా మారుతాయి. ఇటీవల అది 2015లో, అంతకు ముందు 1996లో జరిగింది. దారువు మారినా స్వామి మారాడని ఏ భక్తుడూ అనడు. ఈ సంప్రదాయాలలో వస్తువు యొక్క ఏకత్వం దాని పరమాణువులలో లేదు. అది రూపంలోనూ, సంకల్పంలోనూ, మార్పు జరిగినప్పుడు దాచకుండా విధిపూర్వకంగా జరపడంలోనూ ఉంది. బాలాలయం అందరి ఎదుట కట్టబడుతుంది. ఆలయం బాగుపడుతోందని ఊరంతటికీ తెలుస్తుంది. ఎవరికీ తెలియకుండా రాత్రిపూట విగ్రహం మార్చడం జీర్ణోద్ధారణ అనిపించుకోదు.

ఉపాధ్యాయుడు ఒక నోటుపుస్తకం పెట్టాడు. గణితం చెప్పినవాడు కనుక ఏ తేదీన ఏ రేకు ఎంత కొలతతో కోయబడినదీ, ఏది పాతది ఏది క్రొత్తది అన్నదీ బొమ్మలతో వ్రాశాడు. కోసిన తుప్పురేకులను ఒక డబ్బాలో వేసి పందిరి మూల పెట్టాడు. తూకానికి పది రూపాయలు రాని చెత్త ఎందుకని కుమారుడు అడిగితే, "కొనేవాడు అడిగితే చూపించాలి కదరా" అన్నాడు.

ఫలం

కొనదలచిన వ్యక్తి ఆ సంవత్సరం తిరిగి రాలేదు. ధనం రాలేదు కనుక డాబా పైకప్పు పని ఆగింది. ఆ వానాకాలంలో రెండు గదులలో గిన్నెలు పెట్టి నీరు పట్టారు. కారు పందిరి మాత్రం కారలేదు. ఆ ఇల్లాలికి ఇది హాస్యంగా తోచలేదు, తోచనవసరమూ లేదు. సత్యం పలికినవానికి వెంటనే లాభం కలిగిందని చెప్పే కథలు వినడానికి ఇంపుగా ఉంటాయి. కాని ధర్మం ఆ హామీ ఎక్కడా ఇవ్వలేదు. కర్మయోగంలో ఫలత్యాగం అనే మాటకు బరువు వచ్చేది ఇటువంటి చోటనే. ఫలం అక్కరలేనివాడు ఫలాన్ని త్యజించడంలో విశేషం లేదు. కారుతున్న కప్పు క్రింద పడుకొన్నవాడు దానిని వదలుకొంటే ఆ త్యాగానికి కొలత ఉంటుంది. ఆ కొలతలో కొంత భాగం ఇంటివారందరూ మోశారు. ఒకరి సత్యవ్రతానికి కుటుంబం చెల్లించే మూల్యాన్ని లెక్కలోకి తీసుకోని ధర్మచర్చ అసంపూర్ణం. హరిశ్చంద్రుని కథలో చంద్రమతి, లోహితుడు పడిన క్లేశాన్ని పురాణం దాచకుండా చెప్పింది కూడా ఇందుకే కావచ్చు.

కుమారుడు మాత్రం ఒక ఆదివారం అడగకుండానే వచ్చి గ్రైండరు పట్టాడు. ఉస్తాద్ అతనికి డాలీని రేకు వెనుక ఎక్కడ ఆనించాలో, సుత్తి శబ్దం ఎప్పుడు మారుతుందో చూపించాడు. ఎడమప్రక్క పని ముగిసింది. కుడిప్రక్క కోత జరుగుతోంది. అయస్కాంతం ఎడమప్రక్క ఎక్కడ పెట్టినా నిలుస్తోంది.

ఆరంభంలో వేసిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు. నశించే వస్తువును శాశ్వతం చేస్తానని బాగుచేయడం మోహం. నశిస్తుందని తెలిసి, దానిని మెరుగుపూతతో మరొకరికి అంటగట్టడం అధర్మం. నశిస్తుందని తెలిసి, తన చేతిలో ఉన్నంతకాలం దాని నిజస్థితిని దాచకుండా దానికి సేవ చేయడం ధర్మం. దేహం విషయంలో, కుటుంబం విషయంలో, తనలోని దోషాల విషయంలో కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. కోపాన్ని మర్యాదతో కప్పినవాడు, అప్పును ఆడంబరంతో కప్పినవాడు తమ అయస్కాంతాన్ని తామే పట్టుకొని చుట్టూ ఒకసారి నడిచి చూడవలసినవారే.

ఇంత చేసినా తుప్పు తిరిగి వస్తుంది. గాలి, నీరు ఉన్నంతవరకు ఇనుము తన ఇంటి దారి మరువదు. అందుకే ఆ నోటుపుస్తకం చివరి పుటలో ఉపాధ్యాయుడు ఒక నియమం వ్రాసి ఉంచాడు. ప్రతి సంవత్సరం మృగశిర కార్తె ప్రవేశించక ముందే తలుపుల క్రింది నీటిరంధ్రాలలో సన్నని తీగ పెట్టి శుభ్రం చేయాలి. దసరా పూలను పూజ ముగిసిన మరునాడే తీసివేయాలి.

స్వస్తి.